అంకెల గడి ఆగినంత సేపు

త్రికోటేశ్వరా! నిత్యమూ కడవ నెత్తిన పెట్టుకొని నీ కొండ ఎక్కి దిగిన గొల్లభామను మెట్ల దారిలోనే నిలుపుకొన్న స్వామీ! ఆమె అలసట నీకు తెలుసు. అలసిన మరొక స్త్రీ కథ చెప్పబూనిన ఈ నాలుకకు అసత్యం అంటకుండా కాపాడు.

నరసరావుపేటలో కోర్టు వెనుక వీధిలోని ఆ ఇంట, వంటగట్టు మీద ఒకవైపు గోంగూర ఉడుకుతుంటే మరొకవైపు ల్యాప్‌టాప్ తెరిచి ఉండేది. సుప్రజ ఒక చేత గరిటె తిప్పుతూ, కొంగుకు తుడుచుకొన్న రెండవ చేత మీటలు నొక్కుతూ ఉండేది.

"ఏమే, కూర అడుగంటతంటే ఆ బొమ్మలేంది?" అన్నది అత్తగారు కోటేశ్వరమ్మ.

"బొమ్మలు కాదత్తయ్యా, మీ అబ్బాయి ఇచ్చిన పని. ఇందులో—"

"ఎరుకలే. వాడు చేసే పనికి నువ్వు కూకుని రంగులేస్తన్నావు. ముందు కూర చూడు."

వాడు చేసే పని! కోల్డ్ స్టోరేజీల యజమానులను కలిసి, యంత్రాలను అదుపు చేసే కంప్యూటర్లను అమ్మి అమర్చడం ఆమె భర్త సుమంత్ పని. ఆ కంప్యూటర్ల తెరమీద కనిపించేదంతా, అంటే ప్రతి మీటా, ప్రతి గడీ, వాటి వెనుక నడిచే ప్రోగ్రామూ సుప్రజ రాసినవే. పెళ్లికి ముందు హైదరాబాదులో ఇదే పనికి ఆమె జీతం తీసుకొనేది. ఇక్కడ ఒకసారి ఆ మాట ఎత్తితే అతడు నవ్వి, "మొగుడూ పెళ్లాల మధ్య జీతాలేంది సుప్రజా? నాదంతా నీది కాదా?" అన్నాడు. అతనిదంతా తనది అయిందో లేదో ఆమెకు తెలియదు గాని, తనదంతా అతనిది కావడం మాత్రం కళ్లారా చూసింది. బయట ఎవరైనా మెచ్చుకొంటే "నేనే రాశానండీ" అనేవాడు. తెరమీద పై వరుసలో "సుమంత్ కంట్రోల్స్" అని వెలిగేది. ఆ అక్షరాలు దిద్దినది కూడా ఆమె చేయే.

ఈసారి పని వినుకొండ దారిలో శివరామయ్య గారు కట్టించిన మిర్చి కోల్డ్ స్టోరేజీకి. ఏ గదిని ఎన్ని డిగ్రీల చల్లదనంలో ఉంచాలో తెరమీద నిర్ణయించాలి. అందుకోసం గదికొక స్లయిడర్‌నూ, దాని పక్కన అంకె టైపు చేసే గడినీ ఆమె కూర్చింది. స్లయిడర్ జరిపితే గడిలో అంకె మారాలి, అంకె మారిస్తే స్లయిడర్ జరగాలి. ఒకటి రెండవదానికి చెప్పగా, అది తిరిగి మొదటిదానికే చెప్పగా, ఆ పలుకు అంతులేని ప్రతిధ్వని కాకుండా నడుమ ఒక అడ్డు నిలపాలి. చూపుకు చిన్న పనే గాని చేతికి నేర్పు కావాలి. ఇటువంటి జత తన ఇంట ఎన్నడూ కుదరలేదని ఆమెకు తోచింది. అతడు జరిగినప్పుడల్లా ఆమె మారింది. ఆమె మారినందుకు అతడు జరిగిన రోజు ఎంత తలచుకొన్నా గుర్తుకు రాలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా ఆమె మనసు పెట్టినది అంకెల గడి మీద. పది అని వేయబోయే మనిషి ముందుగా ఒకటి నొక్కుతాడు. ఆ ఒకటిని చూసి, చల్లదనం హద్దు దాటిందని గడి అప్పుడే ఎర్రబడితే మనిషి బెదిరి వేలు వెనక్కు తీసుకొంటాడు. కనుక అంకె వేయడం ముగిసేదాకా గడి ఆగాలి. ఆగి, పూర్తిగా విని, అప్పుడు మాత్రమే తప్పొప్పులు చెప్పాలి. ఈ ఓర్పును రాయడానికి ఆమెకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. రాసి, తానే అంకెలు వేసి చూసుకొన్నది. గడి ఆగింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "సర్లే", "తెలుసులే", "తర్వాత చెబుదువుగాని" అనే మాటల కింద ఈ ఇంట ఆమె వాక్యాలు ఎన్ని సగంలో విరిగిపోయాయో! తన మాట పూర్తయ్యేదాకా ఆగిన మొదటి ప్రాణి, ప్రాణం లేని ఈ గడి. దానికి ఆ మర్యాద నేర్పినది తానే.

అయితే అందులో ఒక దోషం మిగిలిందని ఆమె ముహూర్తానికి ముందురోజు కనిపెట్టింది. కొత్త యంత్రాన్ని మంచి ఘడియలో మొదలుపెట్టాలని శివరామయ్య గారు మరునాటి ఉదయానికి ముహూర్తం పెట్టించారు. సుమంత్ చొక్కా ఇస్త్రీ చేస్తూ సుప్రజ మెల్లగా చెప్పింది.

"ఏవండీ, ఒక్క పూట ఆపండి. పేజీని పైకీ కిందికీ జరపడానికి మౌస్ మీద చక్రం తిప్పుతాం కదా, అప్పుడు బాణం గుర్తు గనక గడి మీద ఉంటే పేజీ కదలట్లేదు, అంకె—"

"నీ చక్రం కోసం ముహూర్తం ఆగుద్దా? పూజారి వస్తన్నాడు, ఫోటోలోళ్లు వస్తన్నారు. చొక్కా కానీ."

"అంకె మారిపోతుందండీ. మారినట్టు ఎవరికీ—"

"తర్వాత చూద్దాంలే. చానా చాదస్తం నీకు."

మరునాడు కంప్యూటరుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ సమయాన సుప్రజ తిరిగి వచ్చే చుట్టాల కోసం గారెలు వేస్తున్నది. తర్వాత చూద్దామన్న ఆ తర్వాత ఎన్నటికీ రాలేదు. ఆమె గుర్తు చేసినప్పుడల్లా "నడుస్తందిగా, కదిలించబాక" అన్నాడు.

ఆషాఢంలో ఒక గది తలుపు తెరిస్తే ముక్కిపోయిన వాసన కొట్టింది. రైతులు నమ్మి దాచుకొన్న ఎర్రటి కాయ చల్లదనం చాలక తెల్లబడి తాలు అయిపోయింది. సుమంత్ ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని చల్లగా చెప్పాడు: "ఆపరేటర్ ఇస్మాయిల్ అంకె మార్చాడంట. ఎవడో పోటీవాడి దగ్గర లంచం తిని చేశాడని శివరామయ్య గారి అనుమానం. రేపు పోలీసులకి అప్పజెప్తారు. అమ్మయ్య, మన మీదికి రాలా."

"ఆయనేమంటున్నాడు?"

"ఏమంటాడు? ముట్టలేదని ఖురాన్ మీద ఒట్టేస్తన్నాడు. కింద గదులు చూసుకొని మళ్లీ పైకి రాటానికి పేజీ జరిపాడంట, అంతే."

ఆమె మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"ఏవండీ, అది ఆయన తప్పు—"

"నోరెత్తబాక. వాడు పోతే ఇంకో చోట చేరతాడు. నా పేరు పోతే ఎవడిస్తాడు?"

"మగోడి పొట్ట కొట్టే ఆడది కొంపకి మంచిది కాదమ్మా," అన్నది కోటేశ్వరమ్మ గోడకు చెబుతున్నట్లు.

నా పేరు! ఏ చేయి రాసిన పని, ఎవరి పేరు? ఆ పేరును నిలపడానికి, ఏ పాపమూ ఎరుగని మనిషి దొంగగా నిలబడాలి. కొండ దిగుతూ, వెంట వస్తున్న స్వామి వద్దన్నా వెనుదిరిగి చూసినందుకే గొల్లభామ అక్కడ ఆగిపోయిందని లోకం నిట్టూర్చుతుంది. వెనుక ఒకడు పడిపోతుంటే చూడకుండా నడిచే కాళ్లు ఏ క్షేత్రం చేరితే మాత్రం ఏమి పుణ్యం అనిపించింది ఆమెకు.

తెల్లవారి వంట ముగించి, మూతలు పెట్టి, ఆటో ఎక్కింది. కోల్డ్ స్టోరేజీ ఆఫీసుగదిలో శివరామయ్య గారు, అప్పటికే అక్కడికి చేరిన సుమంత్ కూర్చుని ఉన్నారు. ఇస్మాయిల్ గోడవార నిలబడి ఉన్నాడు, గదుల తాళాలు బల్లమీద ఉన్నాయి.

"ఏందమ్మా, నువ్వొచ్చావు?" అన్నారు శివరామయ్య గారు.

ఆమె ఇస్మాయిల్ వైపు తిరిగింది. "అన్నా, పేజీ ఎలా జరిపావో ఒకసారి చూపించు."

"నాకొద్దమ్మా. ఇంక దాన్ని ముట్టను."

"నేనున్నాగా. చెయ్యన్నా."

అతడు ఒక వేలితో చక్రం తిప్పాడు. పేజీ పైకి జరిగింది. జరుగుతూ జరుగుతూ ఒక గది తాలూకు అంకెల గడి బాణం కిందికి వచ్చింది. అంతే, పేజీ నిలిచిపోయి అంకె ఎక్కసాగింది. పక్కనే స్లయిడర్ కూడా దానితోపాటు నమ్మకంగా జరిగింది.

"యా అల్లా!" అన్నాడు ఇస్మాయిల్.

శివరామయ్య గారు కళ్లద్దాలు సవరించుకొని వంగి చూశారు. "ఓరి! నొక్కకుండానే ఎక్కుతందే! ఏందయ్యా సుమంతూ ఇది? నువ్వు రాసిందేగా?"

"నేను కాదండీ," అన్నాడు సుమంత్. "మా ఆవిడ రాసింది. మొత్తం ఆవిడే రాసింది."

ఆ ఒక్క వాక్యం కోసం ఆమె ఎన్ని ఏళ్లు ఎదురుచూసిందో! ఏదో ఒక నాటికి, ఎవరో మెచ్చుకొన్న సమయాన, నలుగురిలో అతని నోట వస్తుందని ఎంతగా ఆశపడిందో! పూలతో రావలసిన మాట బూడిదతో వచ్చింది. అయినా ఆమె తల వంచలేదు.

"అవునండీ. నేనే రాశాను. ఈ దోషం సంగతి ముహూర్తానికి ముందే—"

"సుప్రజా, ఇంక చాలు. పద ఇంటికి."

"నా మాట ఇంకా పూర్తి కాలేదండీ."

ఆమె గొంతు పెంచలేదు. దోషం ఏమిటో, తాను ఏనాడు చెప్పిందో, ముహూర్తం ఎందుకు ఆగలేదో, ఇస్మాయిల్ నిర్దోషి ఎట్లా అయ్యాడో మొదటినుంచి చివరిదాకా చెప్పింది. దోషం తెలిసీ ఇంతకాలం గడప దాటి రాకపోవడం తన తప్పని కూడా చెప్పింది. యంత్రాల హోరు తప్ప మరేదీ అడ్డు రాలేదు.

శివరామయ్య గారు తలెత్తి, "తాళాలు తీసుకోరా ఇస్మాయిలూ," అన్నారు. ఇస్మాయిల్ తాళాలను కళ్లకద్దుకొని ఒక మూలకు తిరిగి నిలబడ్డాడు. తెల్లబడిన కాయ మాత్రం తిరిగి ఎర్రబడలేదు.

బయట సుమంత్ కారు హారను మోగింది. సుప్రజ కుర్చీ లాక్కొని కంప్యూటరు ముందు కూర్చున్నది. మొదటి గది అంకెల గడిని, నొక్కి ఎంచుకొంటే తప్ప చక్రానికి లోబడకుండా సరిచేసింది. హారను మళ్లీ మోగింది. ఆమె పై వరుసలోని అతని పేరును చెరపలేదు. దాని కింద, తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలియాలని, ఒక్కొక్క అక్షరమే కూర్చి తన పేరు రాసింది. ముగించేసరికి కారు చప్పుడు దూరమైంది. ఆమె వెనుదిరిగి చూసింది. తెరిచి ఉన్న గేటు, ఖాళీ దారి కనిపించాయి. కాసేపు చూసి, తర్వాతి గది పని మొదలుపెట్టింది.

ఈ కథ విన్నవారి ఇళ్లలో ఆడది మొదలుపెట్టిన మాట చివరిదాకా సాగుగాక! చేసిన చేతికి పేరు నిందతో కాక నెనరుతో దక్కుగాక! చేయని తప్పుకు ఏ తలా వంగకుండుగాక! త్రికోటేశ్వరుడు అందరినీ చల్లగా చూచుగాక!