కల్లంలో మాట్లాడకూడదు

సిద్ధయ్య కుంచం చేతికి తీసుకున్నాడంటే కల్లంలో చీమ చిటుక్కుమనేది కాదు. పొద్దున్నే బయలుదేరితే అంబలి తాగే పొద్దుకల్లా సిద్దిపేట చేరుకునేంత దూరంలో ఉన్న ఆ ఊళ్లో, పండిన ప్రతి గింజా సిద్ధయ్య ఇంటివాళ్ల చేతిమీదుగానే కొలిచి పంచుకోవాలి. తాతల నాటి నుంచీ అదే పద్ధతి. చెప్పులు విడిచి, రాశికి మొక్కి, మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అని, అక్కడి నుంచి లెక్క నడపాలి. కొలత నడిచినంతసేపూ లెక్క తప్ప ఇంకో మాట వినపడకూడదు. ఎవరైనా నోరు జారితే అప్పటిదాకా కొలిచిందంతా తిరిగి రాశిలో కలిపేసి లాభం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ నియమం సిద్ధయ్య కొడుకు మైసయ్యకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియడం వేరు, ఒంటికి పట్టడం వేరు.

పోయినేడు ఏం జరిగిందంటే, కొలత ముప్పాతిక వంతు అయ్యాక ఎక్కడి నుంచో ఓ మేక వచ్చి రాశిలో మూతి పెట్టింది. తండ్రి పక్కన గోనెసంచి పట్టుకుని నిలబడ్డ మైసయ్య ఉండబట్టలేక "హే మేకా!" అని అరిచాడు. మేక పారిపోయింది. సిద్ధయ్య కొడుకు వైపు చూడను కూడా చూడకుండా, కొలిచిన వడ్లన్నీ రాశిలోకి గుమ్మరించి మళ్లీ లాభం అన్నాడు. ఎండకు మాడుతూ, ఆకలికి నకనకలాడుతూ నిలబడ్డ కూలీలు మైసయ్యను కొరికేసేలా చూశారు. మీసాలొచ్చిన కుర్రాడికి అంతమందిలో తల తీసేసినట్టయింది.

ఇంటికొచ్చే దారిలో ఉక్రోషంగా అడిగాడు.

"గింజలకు చెవులుంటయా నాయినా? మాట్లాడితె ఏమైతది?"

"గింజలకు లెవ్వు బిడ్డా, కొలిచెటోనికి ఉన్నయి," అన్నాడు సిద్ధయ్య. "పక్కపొంటి ఎవలన్న ఒక మాట అంటరు. నీ చెయ్యి నీకు తెల్వకుంటనే ఆ మాట దిక్కు వంగుతది. అందుకే మనోళ్లు కల్లంల అందరి నోళ్లు కట్టిన్రు."

మేకకు ఈ పంపకంలో వాటా లేదు కదా, దాన్ని అదిలిస్తే చెయ్యి ఎటు వంగుతుంది అని మైసయ్యకు అనిపించింది. ముసలాయన చాదస్తం అనుకుని ఊరుకున్నాడు.

ఈ ఏడు సిద్ధయ్య బండి మీద నుంచి పడ్డాడు. కుడి భుజం పట్టుకుపోయి చెయ్యి పైకి లేవడం మానేసింది. కుంచం మైసయ్య చేతికి వచ్చింది. మొట్టమొదటగా వెళ్లాల్సింది అమృతమ్మ కల్లానికి. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. దొర పొలాన్ని సగం పాలుకు చేస్తోంది. యుద్ధం నడుస్తున్న కాలం, డబ్బు చేత పట్టుకుని తిరిగినా బియ్యం దొరకని రోజులు. కల్లంలో ఆమె పాలుకు వచ్చిందే ముగ్గురికీ ఏడాది తిండి.

మైసయ్య వెళ్లేసరికి దొర గడీలో లెక్కలు చూసే గుమాస్తా నాగేశం తుమ్మచెట్టు నీడలో మంచం వేయించుకుని కూర్చుని ఉన్నాడు. కుర్రవాణ్ణి పక్కకు పిలిచాడు.

"ఇను మైసిగా. దొర కుంచం మీద వడ్లు కుప్పగ నిలవాలె. ఆమె కుంచం చెయ్యితోటి కోసి పొయ్యి. సమజైందా?"

"గట్లెట్ల అయ్యా? ఇద్దరిది సగం సగం గదా."

"మీ నాయిన చెయ్యి పడిపాయె. మీ ఇల్లు ఎట్ల ఎల్లాలె? నేనొద్దంటె రేపటిసంది నీకు ఏ కల్లం లేదు. ఆలోచన చేస్కో."

ఆలోచించడానికి ఏముంది? మైసయ్య కుంచం పట్టుకుని రాశి దగ్గరికి నడిచాడు. అమృతమ్మ కాస్త ఎడంగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వాళ్ల మాటలు ఆమెకు వినపడ్డాయో లేదో గానీ, ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె పిల్లలు రాశి చుట్టూ ఎగిరిపడ్డ గింజలు ఏరుకుంటున్నారు. మైసయ్య వాళ్ల వైపు ఒకసారి చూశాడు. చెప్పులు విడిచాడు. రాశికి మొక్కాడు. కుంచం నిండా వడ్లు ముంచి, అరచేతి అంచుతో పైన నున్నగా కోసి, దొర వైపు పోశాడు.

"లాభం."

రెండో కుంచం అలాగే నింపి, అలాగే కోసి, అమృతమ్మ వైపు పోశాడు. అలా ఇటొకటి అటొకటి పోస్తూ పోయాడు. నాగేశం కాసేపు ఓపిక పట్టాడు. దొర వైపు కుంచం మళ్లీ నున్నగా కోయగానే అతని ఓపిక తెగింది.

"కుప్పగ పొయ్యిమన్న గదరా!"

మైసయ్య చెయ్యి ఆగింది. అప్పుడు అర్థమైంది కుర్రవాడికి తండ్రి మాట. నిజంగానే అతని చెయ్యి ఆ అరుపు వైపు వంగబోయింది, ఆ వంపు అతనికే తెలిసింది. ఒక్క మాట మాట్లాడకుండా దొర కుప్పనూ, అమృతమ్మ కుప్పనూ ఎత్తి రాశిలో కలిపేశాడు. నడుం నిటారుగా పెట్టి మళ్లీ కుంచం ముంచాడు.

"లాభం."

"ఏందిరా గిది?" అని నాగేశం లేచి నిలబడ్డాడు.

ఆ మాటకు చేతిలో ఉన్న కుంచం కూడా రాశిలోకి పోయింది.

"లాభం."

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు మాట కాదు గనుక కొలత సాగింది. దారిన పోయేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కల్లం అంచున నిలబడ్డారు. నాగేశానికి ముఖం ఎర్రబడింది గానీ ఏం చేస్తాడు? కొలతలో మాట్లాడితే పంటలో బర్కతు, అంటే కలిసొచ్చే గుణం, పోతుందని గడీలో ముసలి దొరసానికి గట్టి నమ్మకం. గుమాస్తా నోటివల్ల రాశి రెండుసార్లు చెడిందని ఆమె చెవిన పడిందా, వచ్చే ఏడు వాన తక్కువైనా, ఎద్దు కుంటిదైనా ఆ పాపం ఇతని నెత్తినే పడుతుంది. అందుకని నోరు మూసుకుని చేతులతో సైగలు మొదలుపెట్టాడు. కుప్పగా, ఇంకా కుప్పగా అని గాలిలో గోపురాలు కట్టాడు. మైసయ్య కుంచం అంచు తప్ప ఇంకేమీ చూడలేదు. చెమట కళ్లలోకి కారుతోంది, గుండె దడదడలాడుతోంది, చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

పొద్దు వాలేసరికి రెండు కుప్పలూ సరిసమానంగా నిలిచాయి. ఆఖరి కుంచం పోసి మైసయ్య నడుం ఎత్తాడు. ఇక మాట్లాడవచ్చు.

"ఇగ నువ్ ఈ ఊళ్లె కుంచం ముట్టవ్ బిడ్డా," అన్నాడు నాగేశం.

అమృతమ్మ ఏడ్చేసింది. "నా మూలంగ నీ బతుకు ఆగమాయె గదరా కొడుకా," అంది.

"నీ మూలంగ కాదత్తా. నీ పాలు నీకు వచ్చింది, గంతే," అన్నాడు మైసయ్య. ఆ మాట అనగానే అతని భయం సగం తగ్గింది.

నాగేశం అన్నంత పనీ చేశాడు. దౌల్తాబాద్ నుంచి ఇంకో మనిషిని పిలిపించాడు. ఆయన మహా మర్యాదస్తుడు. ఎవరు ముందు పిలిచి చెవిలో చెబితే వాళ్లు కోరినట్టు పోసేవాడు. చెవిలో చెప్పే స్తోమత ఊళ్లో గడీ వాళ్లకే ఉంది. మైసయ్య సిద్దిపేట గంజికి, అదే ధాన్యం బజారుకు, పోయి మూటలు మోయసాగాడు. వీపు మీద తోలు లేచిపోయింది. ఇంటికొచ్చినప్పుడల్లా తల్లి చంద్రవ్వది అదే పోరు.

"ఒక్కసారి పోయి గుమాస్తా కాళ్ల మీద పడరాదురా. నీ పట్టుదల మన పొయ్యిల పెట్టుకుంటమా?"

"పడనవ్వా. మూటలైన మోస్త, గని ఆ కుంచం వంకరగ పట్ట."

మంచంలో పడుకున్న సిద్ధయ్య కొడుకు వీపు చూసినప్పుడల్లా ముఖం అటు తిప్పుకునేవాడు. కొడుకును చూస్తే గర్వం, వాడి వీపు చూస్తే ఏడుపు, రెండూ ఒక్కసారే వస్తే మనిషి ఎటు చూడగలడు?

పక్షం రోజులు గడిచాయో లేదో, ఓ పొద్దున నాగేశం వాళ్ల వాకిట్లోకి వచ్చాడు. గడీ గుమాస్తా తనంతట తాను ఆ గడపకు రావడం చంద్రవ్వ కాపురానికొచ్చాక చూడలేదు. కంగారుగా చాప తెచ్చి పరిచింది.

"మైసయ్యా," అన్నాడు నాగేశం. "రేపు సర్కారోళ్లు లెవీ కింద కట్టే వడ్లు తీస్కపోను వస్తున్నరు. దొర కల్లంల నువ్ కొలవాలె."

"దౌల్తాబాదాయన ఉన్నడు గద అయ్యా."

"ఆయనతోటి కాదు."

"ఎందుకు కాదు? మీరు ఎట్ల చెప్తె అట్ల కొలుస్తడాయె."

నాగేశం గొంతు సవరించుకున్నాడు. "గదే కదా తిప్పలు. ఎట్ల చెప్తె అట్ల కొలుస్తడని అందరికి ఎరికైంది. ఆయన కొలిస్తె లెవీ వసూలుకొచ్చే సర్కారు గిర్దావరు ఒప్పడు. వాళ్ల మనిషినే కొలవమంటడు, ఇగ దొర గింజలు ఎన్ని పోతయో దేవునికే ఎరుక. అమృతమ్మ కల్లం సంగతి గిర్దావరు దాక పోయింది. నువ్ కొలిస్తె మారు మాట్లాడనన్నడట."

చంద్రవ్వ కొడుకు ముఖంలోకి చూసింది. సరే అనరా అని కళ్లతోనే బతిమాలింది. మైసయ్య తొందరపడలేదు.

"వస్త అయ్యా. గని ఒక్క దొర కల్లానికి రాను. ఊళ్లె అన్ని కల్లాలు ఎన్కటి లెక్కనే మా ఇంటికి రావాలె. ఎవలది కొలిచినా కోసే పోస్త. దొరకు తీస్కునేటప్పుడు ఒక కొలత, ఇచ్చేటప్పుడు ఒక కొలత నాతోటి కాదు."

"గది నా చేతుల లేదు. దొరనడగాలె."

"అడిగి రాండ్రి. నేనియ్యాల గంజికి పోను, ఇంట్లనే ఉంట."

నాగేశం వెళ్లాడు. చంద్రవ్వ నెత్తి కొట్టుకుంది, వచ్చిన అదృష్టాన్ని కాలితో తన్నావని తిట్టిపోసింది. మైసయ్యకూ లోపల బెదురుగానే ఉంది. దొర కాదంటే ఈ ఊళ్లో నిలువ నీడ కూడా ఉండదు. అయినా గడప మీద నుంచి కదల్లేదు. నడిపొద్దు కాకముందే నాగేశం చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"దొర ఒప్పుకున్నడు. అన్ని కల్లాలు నీయే," అని గుమ్మంలోంచే చెప్పి మళ్లాడు.

సిద్ధయ్య ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోను కూడా లేదు. "నా బిడ్డవురా," అన్నాడు. మైసయ్య అటక మీద నుంచి కుంచం దించి, పైపంచెతో తుడిచి, బయటికి అడుగు పెట్టాడు.

"ఎండల ఎక్కడికిరా? దొర కల్లం రేపు గదా?" అంది చంద్రవ్వ.

"దొర పొలం పాలుకు చేసే సిద్ధమ్మ కల్లానికవ్వా. దౌల్తాబాదాయన పొద్దటిసంది గాడ కొలుస్తుండట. గా వడ్లన్ని రాశిల కలిపి మళ్ల కొలవాలె."