కడగని బురద

అమెరికాలోని కమ్మింగ్‌లో ఆ శనివారం గంటన్నర వాన దంచికొట్టింది. భానుమతి బేస్‌మెంట్ తలుపు తీస్తే మోకాలిదాకా ఎర్ర బురద! కూతురి మంచం, పుస్తకాలు అన్నీ అందులోనే. గోడ నిలువునా బీటలిచ్చింది. ఇంకో నాలుగు వానలొస్తే ఇల్లు నిలవదు.

వెనక గుట్టని ఇళ్ల కోసం తవ్వుతున్నవాడు బిల్డర్ డాల్టన్. మట్టి జారకుండా నల్లగుడ్డ కంచె కడతానని రాసిచ్చి కౌంటీలో పర్మిట్ తీసుకున్నాడు. ఆ కంచె చిరిగి నెలలైంది. వాడికేం, వాడి ఇల్లు ఎక్కడో!

ఆ రాత్రే కౌంటీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తే మంగళవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడని జవాబొచ్చింది. అప్పుడు మనవాళ్లు చేసిన పనికి నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆఫీసరొస్తుంటే ఇల్లు ఇలా ఉంటే ఏం బాగుంటుందని, గుట్ట కిందున్న పదకొండు ఇళ్లవాళ్లూ కలిసి ఆదివారమంతా ప్రెషర్ వాషర్లతో అద్దంలా కడిగేశారు! ఈలోగా డాల్టన్ కొత్త గుడ్డ కట్టించాడు. ఇన్‌స్పెక్టర్ భానుమతి ఇచ్చిన టీ తాగి, "అంతా క్లీన్‌గానే ఉందే," అని రాసుకున్నాడు. ఫోటోలు చూపిస్తే ఎప్పటివో అన్నాడు. అతని కారు మలుపు తిరగ్గానే డాల్టన్ మనుషులు గుడ్డ చుట్టేసి ట్రక్కులో వేసుకున్నారు. "బాగా కడిగారు, థాంక్యూ!" అని చెయ్యి కూడా ఊపారు.

భానుమతికి ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే ఆమె గరాజ్‌లో మీటింగ్.

"H-1B వీసా మీద ఉన్నాం. గొడవైతే గ్రీన్‌కార్డ్ ఏమవుతుంది? మనకెందుకమ్మా?" అన్నాడు పక్కింటి రాజారావు.

"మీ వీసా చూసి ఆగిందా అన్నయ్యగారూ ఆ మట్టి? మన భయమే వాడి పర్మిట్! ఈసారి ఎవరైనా చీపురు పట్టారో, చెయ్యి విరగ్గొడతా," అంది భానుమతి.

"గా డాల్టన్ గానికి మట్టి తినిపియ్యాలె!" అని లేచాడు రిటైర్డ్ డాక్టర్ తిరుపతయ్య.

గురువారం మళ్లీ వాన. ఎవరూ కడగలేదు. ఇంటికొక బియ్యం సంచి నిండా బురద ఎత్తారు. సోమవారం కౌంటీ హియరింగ్‌కి, మిగతా గుట్ట కూడా తవ్వుకుంటానని డాల్టన్ పర్మిట్ అడిగే చోటికి, పదకొండు సంచులూ మోసుకెళ్లారు.

"సైట్‌లోంచి చారెడు మట్టి కూడా బయటికి పోలేదు," అంటున్నాడు డాల్టన్.

భానుమతి తిన్నగా వెళ్లి సంచి వాడి ముందు బోర్లించింది. బురద బల్ల మీంచి వాడి ఒళ్లోకి కారింది. "ఇది నా కూతురి మంచం మీదిది. చూడరా!" ఎన్నాళ్లకో ఆమె కడుపు చల్లబడింది.

పోలీసు వచ్చి చేతులకి బేడీలు వేశాడు. ఆమె తల దించలేదు.

"పర్మిట్ ఓటింగ్‌కి పెడుతున్నాం," అన్నాడు ఛైర్మన్, ఏమీ జరగనట్టు.

రాజారావు లేచాడు. సంచి మూతి విప్పి డాల్టన్ వైపు నడిచాడు. అతని వెనక తొమ్మిది సంచులూ కదిలాయి.