పగిలే వస్తువు

ఆయుధాల డిపోలో పెట్టెల మీద అక్షరాలు అద్దడం ఆయన పని. అట్టలో అక్షరాలు కోసి, పెట్టె మీద ఆనించి, నల్లరంగు అద్దుతాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. డిపోలో అందరికీ ఆయన అక్షరాలాయన.

ఆ ఉదయం గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"అన్నా, బజారు గోడ చూశావా? సేనాపతిగారి బొమ్మ నిలువెత్తున దించేశారు. ఛాతీ నిండా పతకాలు, కింద మన పెట్టెల మీది రాతే. ‘పగిలే వస్తువు, జాగ్రత్త!’ కుర్రాళ్లని ముందుకు తోస్తాడు గానీ తనకి మాత్రం గీటు పడకూడదట!"

ఆయనకూ నవ్వొచ్చింది. కొడుకు యుద్ధంలో పోయిన నాలుగు నెలలకు వచ్చిన మొదటి నవ్వు. గుమాస్తా ఫోనులో ఫొటో చూపించగానే అది సగంలో ఆగిపోయింది.

‘వ’ లోపలి గుండ్రటి ముక్క ఊడిపోకుండా అట్టలో సన్నని కట్టు వదులుతారు. నిరుడు అది తెగితే ఆయన రేకుముక్క వాలుగా అతికించాడు. అప్పటినుంచీ అద్దిన ప్రతి ‘వ’లో వాలుగా ఓ తెల్లగీత. కొడుకును మోసుకొచ్చిన పెట్టె మీదా అదే గీత. ఇప్పుడు గోడ మీద.

వారానికోసారి అట్టలు ఇంటికి తెచ్చి కిరోసిన్‌తో తుడవడం ఆయన అలవాటు. ఆ బల్ల దగ్గర కూర్చునేది కూతురొక్కతే. "మొహానికీ కట్లు వదలాలి నాన్నా. ముక్కు పక్కన వదిలితే కన్ను ఊడదు" అని మొన్న ఆమె చెబుతుంటే, ఆయన విననట్టు తుడుస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం అధికారి వచ్చాడు. ఫొటో పక్కన పెట్టెమూత పెట్టి, రెండు ‘వ’ల మీదా వేలు ఆనించాడు.

"ఈ అట్ట ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరేనండి."

"ఇంకెవరు ముట్టుకుంటారు?"

గుమాస్తా గోడకు అతుక్కుపోయాడు. దొంగిలించారంటే ఈ గదిలో ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. తెలియదంటే ఇంటికొస్తారు. ఎటు కదిలినా దారి లేదు.

"ఎవరూ ముట్టుకోరండి. గోడ మీద వేసింది నేనే."

"నీ మొహం!" అధికారి నవ్వాడు. "అక్షరం తప్ప బొమ్మ రానివాడివి. ఎవర్ని వెనకేసుకొస్తున్నావయ్యా? ఏదీ, ఆ మొహం కొయ్యి, చూద్దాం."

కత్తీ, కొత్త అట్టా ముందుకొచ్చాయి. ఆయన టోపీ కోశాడు. మీసం కోశాడు. కన్ను దగ్గర చెయ్యి ఆగింది. ముక్కు పక్కన సన్నని కట్టు వదిలాడు. కన్ను నిలిచింది.

అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. కాస్త మెల్లకన్ను పడింది గానీ, సేనాపతే.

అధికారి ఇక నవ్వలేదు. ఆయన్ని సామాన్ల గదిలో పెట్టి బయట గొళ్లెం వేయించాడు.

కాసేపటికి కిటికీ ఊచల దగ్గర గుమాస్తా తల కనబడింది.

"ఎంత పని చేశావన్నా! సాయంత్రం మీ ఇల్లు కూడా చూస్తారట. అమ్మాయికేమన్నా చెప్పనా?"

"బల్ల కింద అట్టలున్నాయి. ఇప్పుడే పొయ్యిలో పెట్టేయమను."

"అన్నీనా?"

ఆ దొంతరలో అడుగున ఉన్నది ఆమె మొట్టమొదట కోసిన మొహం. వాళ్ల అన్నయ్యది. తండ్రి చూడలేదనుకుని చీర మడతలో చుట్టి దాచింది.

ఆయన ఊచ పట్టుకున్నాడు. గుమాస్తా వెనక్కి వెనక్కి చూసుకుంటున్నాడు.

"అన్నా, తొందరగా చెప్పు."

"అన్నీ" అన్నాడు. "చీరలో చుట్టింది కూడా."