సిస్టరమ్మ బల్లెక్కిన రోజు

నేను ఒక స్పెక్యులాన్ని. స్టీలుదాన్ని. ఆ పేరు నోరు తిరగక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు నన్ను బాతుమూతి అంటారు. రెండు పెదవులు, పక్కన ఒక మర, అంతే నేను. గర్భసంచి ముఖద్వారాన్ని వెలుతురులో చూపించడం నా పని. ఏ ఊరి కార్ఖానాలో అచ్చుపోశారో గుర్తులేదు. మెరుగుపెట్టి, పెట్టెలో సర్ది పంపిస్తే శ్రీకాకుళం వైపున్న ఈ చిన్న ఆసుపత్రిలో తేలాను.

ఆరేళ్ళుగా సుగుణమణి సిస్టర్ చేతిలో ఉన్నాను. మంచి చెయ్యి! ఉడకబెట్టి తీశాక గోరువెచ్చగా ఉన్నానో లేదో చూసుకుని గానీ ఎవరి దగ్గరికీ తీసుకెళ్ళదు. వెనిగర్ వాసనొచ్చే మందు అద్ది ఒక్క నిమిషం ఆగుతుంది. తేడా ఉంటే ఆ చోటు తెల్లబడుతుంది. "ముందే కనిపెడితే క్యాన్సర్ దాకా పోదమ్మా" అని ఎన్ని వందల మందికి చెప్పిందో!

తను మాత్రం ఒక్కసారీ ఆ పరీక్షకు బల్ల ఎక్కలేదు. నర్సులు విచిత్రమైన మనుషులు. ఊరందరి ఒళ్ళూ చూస్తారు, తమ ఒంటి దగ్గరికొచ్చేసరికి తీరికుండదు. సిస్టర్‌కి నలభై మూడేళ్ళు. రెండు నెలలుగా నెలసరి కాని రోజుల్లోనూ మరక కనిపిస్తోంది. వేళ్ళ మీద తేదీలు లెక్కపెట్టుకుంటూ, "చేయించుకుంటే రేపు డ్యూటీలో తోటి నర్సుల మొహాలెలా చూడను?" అని గొణుక్కోవడం నేను విన్నాను.

ఆ రోజు ఫ్యాక్టరీ నుంచి పన్నెండు మంది వచ్చారు. వాళ్ళ మేస్త్రీ దాలమ్మ ముందుగా చేయించుకుని దిగింది. ఏ మచ్చా లేదు. మిగతావాళ్ళు గుమ్మం దగ్గరే ముడుచుకుపోయారు.

"నొప్పెడతదేటి సిస్టరమ్మా?" అంది ఒకామె.

"అబ్బే, చీమ కుట్టినట్టుంటుంది. నేనూ చేయించుకున్నాగా!"

కుచ్చిళ్ళు సర్దుకుంటున్న దాలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"సీమ కుట్టడమేటి? నాకిప్పుడే అయింది కదా! కుట్టినట్టు నేదు, ఏటీ నేదు. లోపల ఎవులో గొడుగు ఇప్పినట్టుంది. నువ్వు సేయించుకోనేదు సిస్టరమ్మా!"

గది గొల్లుమంది. దాలమ్మ మాత్రం నవ్వలేదు.

"నువ్వెక్కు, మావోళ్ళెక్కుతారు. నేదంటే ఆటో ఎక్కించుకుని ఎలిపోతాను."

పట్టుబడిపోయింది మా సిస్టర్! మొహం ఎర్రబడింది. కొత్తగా చేరిన చిన్న నర్సు షాహీనా చేతులకు గ్లౌజులు తొడుక్కుంటూ మెల్లగా అంది. "రండి సిస్టర్. కళ్ళు తెరిచి చూస్తాను, నోరు మూసుకుంటాను."

సిస్టర్ బల్లెక్కింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆమె చేతిలో కాదు, షాహీనా చేతిలో ఉన్నాను. ఇనుము జాతికి గుండె ఉండదంటారు గానీ ఆ నిమిషం నా మర బిగుసుకుపోయింది. మందు అద్దారు. ఇరవై... నలభై... అరవై. షాహీనా ఇంకాస్త ముందుకు వంగింది.

"తెల్లగా ఉందా?"

"ఉంది సిస్టర్. బియ్యపు గింజంత."

సిస్టర్ కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచింది. దిగి, తెర తానే లాగేసింది.

"మచ్చ ఉందే దాలమ్మా. అబద్ధమాడాను. మచ్చంటే క్యాన్సరని కాదు, పెద్దాసుపత్రిలో తేల్చుకోవాలి. నువ్వు పట్టుకోకపోతే ఇవాళా ఎక్కేదాన్ని కాదు."

దాలమ్మ దగ్గరికొచ్చి సిస్టర్ చెయ్యి పట్టుకుంది. "నీతో నానొస్తాను, ఎల్దుము." తర్వాత వెనక్కి తిరిగి గదిమింది. "సూస్తారేటర్రా? వరసలోకి రండి!"

పదకొండు మందీ ఎక్కారు!

పెద్దాసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ దాకా పోలేదు! ఆ చోటును వేడితో మాడ్చేశారు. ఆ కబురు మా ఆసుపత్రికి చేరిన మధ్యాహ్నం, నా గది తలుపు మెల్లగా తెరుచుకుంది. దూది అయిపోయిందంటూ ఒక నర్సు వచ్చింది, వచ్చి గడియ పెట్టింది. ఆమె వెళ్ళాక సిరంజీల కోసమని ఇంకొకామె వచ్చింది, ఆమె కూడా గడియ పెట్టింది. చివరికి, పాతికేళ్ళ సర్వీసున్న హెడ్ నర్సు బ్యూలా మేడం వచ్చింది.

"షాహీనా, స్టోరు తాళం ఇక్కడుందా?"

"లేదు మేడం."

"సరేలే, తాళం సంగతి తర్వాత చూద్దాం." మేడం గోడకేసి చూస్తూ గొంతు తగ్గించింది. "బల్లెక్కేముందు చెప్పులెక్కడ విడవాలి?"