నీలిజడ పిల్ల పక్షం

అరబ్బు దేశంలోని గలాలీ అనే ఊళ్లో లక్ష్మిప్రసన్న పనిచేసే ఇంట్లో సాయంత్రం నాలుగైతే చాలు, గరిటె పక్కన పడేసి టీవీ ముందు చేరాల్సిందే. లేకపోతే ఆ ఇంటి చిన్నపిల్ల నూరా ఊరుకోదు. అరబ్బీలో మాట్లాడే జపాను బొమ్మల కథ అది. అందులో ఒక పిల్ల మంత్రదండం తిప్పితే పూలవాన కురుస్తుంది. ఆ పిల్లంటే ఒక కుర్రాడికి ప్రాణం. అది చూసి ఆ కుర్రాడి మేనమామ కూతురు నీలిజడ పిల్లకి ఒళ్లంతా మంట. మండినప్పుడల్లా దాని జడ నిజంగానే పొగలు కక్కుతుంది.

నూరా మంత్రదండం పక్షం. మన లక్ష్మిప్రసన్న మాత్రం నీలిజడ పక్షం. మేనమామ కూతురుండగా మధ్యలో దండం పట్టుకుని ఊడిపడ్డదానికి ఇక్కడేం పని అని ఆమె వాదన. కోనసీమ పిల్ల మరి, వరస తప్పితే ఒప్పుకుంటుందా! వచ్చీరాని అరబ్బీలో నూరాకి మేనరికం పాఠాలు కూడా చెప్పింది. ఆ పిల్ల ఒక్క ముక్క నమ్మలేదు.

ఇంత ఉక్రోషం ఊరికే రాలేదు. వీధి చివరి కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు నుంచి ఇళ్లకు నీళ్ల డబ్బాలు మోసే సాయిబాబు ఆమె మేనత్త కొడుకు. వీడు దానికి, అది వీడికి అని పెద్దవాళ్లు ఎప్పుడో అనేసుకున్నారు. అలాంటివాడు ఈమధ్య పక్కింట్లో పనిచేసే మల్లిక గుమ్మంలో డబ్బా దించి పావుగంట ఇకఇకలు పోతున్నాడు. ఆ నిజామాబాదు పిల్ల ఏమన్నా వీడికి నవ్వే. లక్ష్మిప్రసన్న చూస్తూ ఊరుకోలేదు. మొన్న బట్టలు ఆరేస్తూ, సాయిబాబుకి ఊళ్లో పెళ్లాం ఉందని గోడ మీంచి మల్లికతో చల్లగా ఓ అబద్ధం వదిలింది. అప్పటికి కాస్త ప్రాణం కుదుటపడింది.

ఇవాళ సాయిబాబు డబ్బాతో వచ్చేసరికి కథ మంచి పట్టులో ఉంది. నీలిజడ పిల్ల మంత్రదండాన్ని సముద్రంలోకి విసిరేసింది. నూరా ఏడుపు లంకించుకుంది. లక్ష్మిప్రసన్న చప్పట్లు కొట్టింది. సంగతేంటని సాయిబాబు అడిగితే మొదట్నుంచీ పూసగుచ్చినట్టు చెప్పింది.

అంతా విని అతను, "మరి ఆ కుర్రోడికి ఎవరు కావాలంట?" అన్నాడు.

"ఆణ్ణడిగేదేంటి బావా, మేనమామ కూతురుండగా?"

అనేశాక ఆ మాట తనకే గుచ్చుకుంది. ఇన్నేళ్లలో సాయిబాబుని ఎవరూ అడగలేదు. అత్త అడగలేదు, నాన్న అడగలేదు. తను అసలే అడగలేదు. కాదంటాడేమోనని భయం, అంతే. ఇవాళ కూడా అడక్కపోతే జన్మంతా ఇలా గోడ మీంచి అబద్ధాలాడుతూ బతకాలి.

"బావా, నేనంటే నీకిష్టమేనా?" అంది.

సాయిబాబు తాపీగా చెమట తుడుచుకున్నాడు. "ఊళ్లో నాకు పెళ్లాం ఉందని మల్లికతో చెప్పేవంట గదా."

చెప్పానంది తల వంచుకుని.

"ఎవరా పెళ్లాం అని నన్ను నిలదీసింది. ఊళ్లో లేదమ్మా, ఇక్కడే ఉంది, ఆ మాట నీతో చెప్పిన పిల్లే అన్నాను."