బెల్లం పంచిన నడుంనొప్పి

మా ఉద్దానంలో నడుం నొప్పి అంటే ఎక్కడ నొప్పి అని ఎవరూ అడగరు. రక్తంలో క్రియాటినిన్ ఎంత, కిడ్నీలు ఎలా ఉన్నాయి అని అడుగుతారు.

తిత్లీ తుపాను పడగొట్టిన తోటలో కొత్త కొబ్బరి మొక్కలు నాటిన ఏడే మా ఆయన ఈశ్వర్‌కి ఆ నొప్పి మొదలైంది. తెల్లారి మంచం మీంచి లేవడమంటే దూలం ఎత్తినంత పని. తోటలో కాసేపు తిరిగితే సర్దుకునేది. పలాస తీసుకెళ్తే రక్తం తీశారు, కడుపుకి స్కానింగ్ తీశారు. కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయన్నారు. మా అత్త నూకాలమ్మ వీధంతా బెల్లం పంచింది. మావయ్య పోయింది ఆ కిడ్నీ జబ్బుతోనే మరి.

ఆ తర్వాత నొప్పి పెరిగిన ప్రతిసారీ అదే పరీక్ష, అదే బెల్లం. నొప్పి బిళ్ళలు మాత్రం అత్త ముట్టనివ్వలేదు, కిడ్నీలు పాడవుతాయని. బెల్లం బాగుండేది.

చివరికి మెడ కూడా తిరగనప్పుడు టెక్కలిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

“నొప్పి పడుకుంటే ఎక్కువా, తిరిగితే ఎక్కువా?” అందావిడ.

“తిరిగితే తగ్గిపోద్దమ్మా” అన్నాడు ఈయన.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. తుంటికీ వెన్నుకీ ఎక్స్‌రే తీయించి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పూసకీ పూసకీ మధ్య ఎముక పెరిగి, వెన్నంతా ఒకే వెదురు గెడలా ఉంది.

“ఇది వెన్నుకి వచ్చే కీళ్లవాతం. మొదట్లో ఎక్స్‌రేకి దొరకదు. నడుం కింద కీళ్లకి ఎమ్మారై తీసుంటే అప్పుడే వాపు కనబడేదేమో. మందులతో చాలావరకు ఆపే వీలుండేది.”

“అన్నిసార్లు స్కానింగ్ తీశారు కదండీ?” అన్నాను.

“అందులో కిడ్నీలు కనిపిస్తాయమ్మా.”

“మరిప్పుడు?”

“ఇకముందు ముదరకుండా చూద్దాం. అతుక్కున్నది మాత్రం విడదు.”

ఇంటికి రాగానే అత్త ఎదురొచ్చింది. “ఏటన్నారే? కిడ్నీలు బాగున్నాయా?”

“బాగున్నాయత్తా.”

“అమ్మతల్లి సల్లగా సూసింది!” అంటూ బెల్లం డబ్బా కోసం లోపలికి పోయింది.

ఈయన తోటలోకి నడిచాడు. ఆ ఏడు నాటిన మొక్కలు మనిషిని దాటిపోయాయి. ఒకటి తొలి గెల వేసింది.

“గెలేసిందన్నావు, ఏదే?” అన్నాడు నేలకేసి చూస్తూ. తల ఎత్తలేడు, నడుం వెనక్కి వాల్చలేడు.

“ఉండు బావా” అని ఫోన్ పైకెత్తి ఫొటో తీసి చేతిలో పెట్టాను.

చాలాసేపు చూశాడు. “మన సెట్టేనేటే?”

“మనదే.”

“ఇంకోటి తియ్యి. దగ్గిరగా.”

తీశాను. ఈసారి తీయాల్సిన చోటే తీశాను.