తాళాల సిస్టర్ పుస్తకానికి వచ్చిన తిట్లు

అసలే ఒక కాలు కుంటి. పుస్తకం అచ్చయి వచ్చాక బ్రదర్‌కు ఆ రెండో కాలు కూడా నేల మీద ఆనలేదు.

కాథలిక్ మఠంలో సన్యాసి ఆయన. జబ్బుపడిన ముసలి సన్యాసులను చూసుకోవడం ఆయన పని. మందులు వేయడం, వీపులు తుడవడం, చెప్పిందే చెప్పే కబుర్లకు ప్రతిసారీ కొత్తగా ఊకొట్టడం. ఆ పనుల సందుల్లోనే కూర్చుని, పెద్దాసుపత్రిలో ఎముకల వార్డును జీవితమంతా నడిపి కన్నుమూసిన ఒక సిస్టర్ జీవితచరిత్ర రాశాడు. ఆమె నడుముకు కట్టుకున్న తాళాలగుత్తి వరండాలో గలగలమంటే చాలు, వార్డులో దుప్పట్లన్నీ వాటంతటవే సర్దుకునేవట. అందుకే రోగులు, నర్సులు అందరూ ఆమెను తాళాల సిస్టర్ అనేవారు. పుస్తకంలో మాత్రం ఆ పేరు లేదు. బాగుండదని బ్రదరే వదిలేశాడు.

చర్చి పత్రిక ఆ పుస్తకాన్ని ఆకాశానికెత్తేసింది. ప్రతి పుటా ఒక ప్రార్థన అని రాసింది. మఠాధిపతి ఆ ముక్కను భోజనాల గదిలో అందరికీ చదివి వినిపించాడు. వంట బ్రదర్‌కు తనివి తీరక, వంటింట్లోకి తీసుకుపోయి మళ్లీ చదువుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం పెద్ద దినపత్రికలో సమీక్ష వచ్చింది. రాసినావిడ పేరున్న విమర్శకురాలు. ఆవిడ కలమంటే పెద్ద పెద్ద రచయితలే హడలిపోతారు.

‘ఈ పుస్తకంలో సిస్టర్‌గారికి ఒక్కసారి కూడా కోపం రాలేదు. ఒక్కసారి కూడా ఆవిడ నవ్వలేదు. కనీసం ఆకలైనా వేసినట్టు లేదు. రచయిత ఆమెను పటం కట్టి, దండ వేసి, గోడకు తగిలించారు. అంతమంది రోగుల్ని నడిపించిన మనిషి ఈ పుస్తకంలో ఒక్క అడుగు కూడా వేయదు.’

మఠంలో గగ్గోలు లేచింది. వంట బ్రదర్ గరిటె పట్టుకునే బయటికొచ్చాడు.

“ఆవిడకేం తెలుసని రాసింది? మీరు గట్టిగా జవాబు రాయండి. నాకు రాయడం వచ్చుంటే ఈపాటికి కడిగేసేవాణ్ణి!”

బ్రదర్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. సిస్టర్ చెల్లెలు. బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. పుస్తకం రాస్తున్నప్పుడు బ్రదర్ ఆమె దగ్గరికి ఎన్నోసార్లు వెళ్లాడు.

“పేపర్ చూశారా బ్రదర్ గారూ?”

“చూశానమ్మా. మీ మనసు నొచ్చుకుని ఉంటుంది. ఏమనుకోకండి.”

“నొచ్చుకోవడమా? ఆవిడ రాసింది అక్షరాలా నిజమండీ! చదువుతుంటే ఈవిడెవరో పరాయి మనిషిలా ఉందే అనుకున్నాను. మా అక్కకి ముక్కుమీద కోపం. నవ్వితే పక్కింటికి వినపడేది.”

“మరి నేనడిగినప్పుడు ఇవన్నీ చెప్పలేదేమ్మా?”

“మీరేమో ఆ తెల్లంగీ వేసుకుని, గుళ్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. మీ ముందు మా అక్క డాక్టరు మీద చెప్పు విసిరిన సంగతి ఎలా చెబుతానండీ?”

బ్రదర్‌కు నవ్వాగలేదు. నిన్నటినుంచి గుండెల మీద కూర్చున్న బరువేదో లేచిపోయినట్టయింది. ఫోన్ పెట్టేసి నేరుగా మఠాధిపతి గదికి వెళ్లి, ఊళ్లోకి పోయి ఆ విమర్శకురాలిని కలిసొస్తానన్నాడు.

“పోట్లాట పెట్టుకోకు,” అన్నాడు మఠాధిపతి.

“అందుక్కాదు ఫాదర్.”

ఆవిడ ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. కర్ర మీద భారం వేసి, మలుపు మలుపుకూ ఆగుతూ ఎక్కాడు. తలుపు తీసిన ఆవిడ ఆ అంగీని, ఆ కర్రను, ఆ చెమటను చూసి గడపలోనే నిలబడిపోయింది.

“తిట్టడానికొచ్చారా?”

“లేదండీ. కృతజ్ఞతలు చెప్పిపోదామని.”

“అయితే ఇంకా భయపడాల్సిందే. రండి. ఆ కుర్చీలో పుస్తకాలు కింద పెట్టేసి కూర్చోండి.”

మంచినీళ్లు తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది. “కాలికేమైంది?”

అప్పుడు చెప్పాడు బ్రదర్. మఠంలో చేరకముందు ఆయన కరెంటు పని చేసేవాడు. కుర్రతనంలో స్తంభం మీంచి పడ్డాడు. కాలు నుజ్జయింది. ఇక నడవలేనని తేల్చేసుకుని, ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. తాళాల సిస్టర్ వచ్చి దుప్పటి లాగిపారేసింది.

“‘గోడతో ఏం చెప్పుకుంటున్నావురా? దానికి చెవులు లేవు, నాకున్నాయి, నాతో చెప్పు’ అంది. ఒళ్లుమండి నోటికొచ్చినట్టు తిట్టానండీ. అంతా విని, ‘ఓస్, ఇంతేనా? నీకు తిట్టడం కూడా సరిగ్గా రాదే’ అని నవ్వడం మొదలెట్టింది. ఒకటే నవ్వు. వార్డంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చేసింది. ఆ సాయంత్రమే నా చంకల కింద చేతులేసి లేపి నిలబెట్టింది. నొప్పికి ఏడుస్తుంటే, ‘ఏడువు, ఏడుస్తూనే అడుగెయ్యి’ అంది.”

విమర్శకురాలు ఆయన పుస్తకం తీసి పుటలు తిరగేసింది.

“ఇదంతా పుస్తకంలో ఏదండీ?”

“నేను సన్యాసిని కదా, నా గురించి నేనే రాసుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని...”

“దుప్పటి లాగించుకుని, చీవాట్లు తిని, ఏడ్చారు. ఇందులో గొప్పేముందండీ?” అని ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, “ఆవిడంటే మీకెంత ప్రాణమో ఇప్పుడు తెలిసింది నాకు. వెళ్లి మళ్లీ రాయండి,” అంది.

ఈలోగా ఆ సమీక్ష దానంతటది ఒక పని చేసిపెట్టింది. అది చదివి మండిపడ్డవాళ్లు మఠం గేటు దగ్గరికి రావడం మొదలైంది. ‘కోపం రాలేదంటే ఎవరండీ నమ్మేది, నన్ను నిలబెట్టి ఉతికింది’ అని ఒక బస్సు డ్రైవరు. ‘నవ్వలేదా? నా పెళ్లిలో నవ్వీ నవ్వీ ఆవిడకి ఎక్కిళ్లు పట్టాయి’ అని ఒక రిటైరైన నర్సు. బ్రదర్ వాళ్లందరినీ రోగుల గదిలో కూర్చోబెట్టి విన్నాడు. పక్క మంచాల మీది ముసలి సన్యాసులు కూడా చెవులు రిక్కించారు.

చెల్లెలు మాత్రం అన్నిటికంటే పెద్ద సంగతి చెప్పింది. కుట్టుమిషను ఆపి, దుకాణం తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పింది.

“కాన్వెంటులో చేరిన కొత్తల్లో అక్క పారిపోయి ఇంటికొచ్చేసిందండీ. పెట్టెతో సహా. అమ్మ ఎందుకొచ్చావనలేదు, వెళ్లమనీ అనలేదు. అన్నం పెట్టింది, తలకి నూనె రాసింది. కొన్నాళ్లకి అక్కే పెట్టె సర్దుకుంది. ‘ఇక్కడ నేను లేకపోయినా అందరూ బాగానే ఉన్నారు, అక్కడ మంచాలు ఎదురుచూస్తున్నాయి’ అని పోయింది. ఇది రాయొచ్చా?”

“మదర్‌ని అడుగుతానమ్మా,” అన్నాడు బ్రదర్.

కాన్వెంటు మదర్ ఆ పేజీలు చదువుతున్నంతసేపూ ఆయనకు ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు రాత్రిళ్లు ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటారు బ్రదర్. ముందు వాళ్లకే చదివిస్తాను. వేసేయండి.”

తిరగరాసిన పుస్తకం అట్ట మీద ‘తాళాల సిస్టర్’ అని ఎక్కింది. ఈసారి చర్చి పత్రిక ముఖం మాడ్చుకుంది. పూజ్యురాలి గౌరవానికి భంగం కలిగిందని నొచ్చుకుంది. విమర్శకురాలు మాత్రం ఇలా రాసింది: ‘ఈవిడ ఇప్పుడు నా గదిలోకొస్తే లేచి దుప్పటి సర్దుకుంటాను. పారిపోయి వచ్చి మళ్లీ వెళ్లిన అధ్యాయం ఒక్కటి చాలు, ఈ పుస్తకం నిలబడటానికి. ఆసుపత్రి చరిత్ర చెప్పిన అధ్యాయం మాత్రం చూయింగ్‌గమ్‌లా సాగింది.’

“చూశారా, మళ్లీ పొడిచింది!” అన్నాడు వంట బ్రదర్.

“నిజంగానే సాగింది,” అన్నాడు బ్రదర్ హాయిగా.

మఠంలో సాయంత్రం ప్రార్థనలో తమకు మేలు చేసినవాళ్ల పేర్లు తలుచుకోవడం అలవాటు. ఆ విమర్శకురాలి పేరు కూడా చేర్చమని బ్రదర్ అడిగాడు.

“ఆవిడ మనకేమిచ్చిందని?” అన్నాడు మఠాధిపతి.

“తిట్టింది ఫాదర్. పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి తిట్టింది. అంత శ్రద్ధ ఇంకెవరు పెట్టారు?”

మఠాధిపతి ఆలోచించి పేరు రాసుకున్నాడు. ఆ సంగతి బ్రదర్ ఆవిడకు ఫోన్ చేసి చెప్పాడు.

“నాకు దేవుడి మీద అంత నమ్మకం లేదండీ,” అంది ఆవిడ. “అయినా మానిపించకండి. నా పేరు మాత్రం తప్పుల్లేకుండా పలకమనండి.”